షాట్ లేచినప్పుడు కింద చూడాలి

నవంబరు 9, శనివారం. సాయంత్రం

ఒళ్ళు మండిపోతోంది. ఇప్పుడు ఎవరితో మాట్లాడినా తిట్టేస్తాను. అందుకే ఇందులో రాసుకుంటున్నాను.

ఈరోజు చిలకలూరిపేట గ్రౌండ్‌లో గర్ల్స్ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొదటి మ్యాచ్. నేనూ సంజీవరావు సారూ రెఫరీలం. వినుకొండ అవతల నుంచి వచ్చిన జెడ్పీ స్కూల్ జట్టులో కోటేశ్వరి అని ఒక పిల్ల ఉంది. పదో తరగతి. పొడుగు, మంచి దిట్టం. బంతి రింగుకి తగిలి బయటికి వచ్చిందంటే ఇక ఆ పిల్లదే. మిగతావాళ్ళు ఎగరాలా వద్దా అనుకునే లోపల తను బంతి పట్టుకుని దిగి, ఎవరికివ్వాలా అని చూస్తూ ఉంటుంది.

ఆ పిల్లని థర్డ్ క్వార్టర్‌లోనే బయటికి పంపేశాం. ఐదు ఫౌల్స్ పడితే ఇక ఆ మ్యాచ్ ఆడకూడదు. నాలుగు సార్ ఊదినవే. నాలుగూ ఒకటే కాల్. ఓవర్ ద బ్యాక్.

ఆ పేరుతో ఫౌల్ రూల్ బుక్‌లో లేదు. ముందు నిలబడ్డ పిల్ల తల మీదుగా చేయి చాచి బంతి అందుకోవడం తప్పు కాదు. నెట్టితే తప్పు. మీద పడితే తప్పు. పట్టుకుంటే తప్పు. పొడుగ్గా పుట్టడం తప్పు కాదు. కానీ వెనక నుంచి ఒక చేయి పైకి లేస్తే చాలు, గ్రౌండ్ అంతా ఓవర్, ఓవర్ అని అరుస్తుంది. అరుపు లేచిందా, సార్ విజిల్ మోగుతుంది.

ఫౌల్ పడిన ప్లేయర్ చేయెత్తాలి. ఇప్పుడది రూల్ కాదు, పాత మర్యాద. సార్ నాలుగుసార్లూ ఆ పిల్లని చేయెత్తమన్నారు. ఎత్తలేదు. కిందికి చూస్తూ నిలబడింది. ఏంటే నీ పొగరు, చేయెత్తు అని సార్ కసిరారు. అయినా ఎత్తలేదు.

నాకు ఆ పిల్ల నచ్చింది. రెఫరీకి ఎవరూ నచ్చకూడదు. ఇక్కడ కాబట్టి రాస్తున్నాను.

మ్యాచ్ అయ్యాక వాళ్ళ పీఈటీ యలమందయ్య గారు నా దగ్గరకొచ్చారు. రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి. చూడమ్మా, ఈ టోర్నమెంట్‌లో ఆడినవాళ్ళలోంచే ఒంగోలు స్పోర్ట్స్ హాస్టల్‌కి పిల్లల్ని తీసుకుంటున్నారు, సీటొస్తే ఇంటర్ చదువు, తిండి అన్నీ వాళ్ళే చూస్తారు, రాకపోతే ఈ పిల్ల పది అవగానే పత్తిలోకే, ఇంట్లో చెప్పేశారు అన్నారు. నేను రెఫరీనండీ, ఇవన్నీ నాకు చెప్పకూడదు అన్నాను. చెప్పకూడదనే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదమ్మా అని వెళ్ళిపోయారు.

నవంబరు 10, ఆదివారం. మా ఊర్లో

చర్చి నుంచి వస్తుంటే వెనకింటి అత్త ఆపింది. ఏమే రెబ్కా, ఈల ఊదటానికి గూడా డిగ్రీ కావాలంటనే, మా వాడు బడికి పోకుండానే ఊదతాడు గదే అంది. పక్కనున్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల నవ్వలేదు.

మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. మా నాన్న ఎలీషా చిలకలూరిపేటలో పత్తి జిన్నింగ్ మిల్లు హమాలీ. అమ్మ సువార్తమ్మ పొలం పనికి పోతుంది. నేను ప్రైవేటు స్కూల్లో గేమ్స్ టీచర్‌ని, శని ఆదివారాలు రెఫరీని. మొదటిది వాళ్ళకి అర్థమవుతుంది. రెండోది ఎంత చెప్పినా అర్థం కాదు.

నాన్న అన్నం తింటూ నిన్న నేను ఫోన్ చేస్తే ఎందుకే అంత చిరాగ్గా పెట్టేశావు అన్నాడు. సిలిండర్ గురించి చెప్పాను. ప్రతి ప్లేయర్ చుట్టూ, తల మీదా కనపడని సిలిండర్ ఒకటుంటుంది, ఆ చోటు ఆ పిల్లది, ఎదుటివాళ్ళు అందులోకొచ్చి తగిలితే ఫౌల్ అన్నాను. నాన్న ముద్ద కలుపుతూ, అంటే ఒక్కో పిల్లా ఒక్కో గ్యాస్ బండ అనుకోవాలన్నమాట అన్నాడు. అమ్మకి పొలమారింది.

తర్వాత, మరి ఆ పొడుగు పిల్ల తగిలిందా అన్నాడు. నాలుగిట్లో మూడుసార్లు తగల్లేదు నాన్నా అన్నాను. తగలకపోతే గొడవేంది అన్నాడు.

ఆ మాట సార్‌కి చెప్పాలి.

నవంబరు 11, సోమవారం

చెప్పాను. స్కూల్ అయ్యాక బస్టాండ్ దగ్గర టీ కొట్లో.

సంజీవరావు సార్ చెడ్డవాడు కాదు. అది కూడా ఇక్కడ రాయాలి. నాకు విజిల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆడపిల్ల మగపిల్లల మ్యాచ్ ఊదడమేంటి అని కమిటీలో అంటే, తను ఊదకపోతే నేనూ ఊదను అని కూర్చుంది ఆయనే. ఎవరి దగ్గరా టీ కూడా తాగడు, నా టీకి కూడా డబ్బులు తనే ఇచ్చాడు. డబ్బు తిని తప్పు కాల్ ఇచ్చేవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఒక్కసారి అసహ్యించుకుని ఊరుకునేదాన్ని.

అమ్మాయ్, నీకు రూల్ బాగా వచ్చు, గ్రౌండ్ ఇంకా రాలేదు అన్నాడు. ఆ పిల్ల ఎద్దులాగా మీదికొస్తంది, అవతల ఇంగ్లీష్ మీడియం స్కూల్ కోచ్ ప్రసన్నకుమార్ లేచి నిలబడతాడు, జనం అరుస్తారు, అప్పుడు విజిల్ పడకపోతే కుర్చీలు లేస్తాయి, నువ్వింకా చూళ్ళేదు అన్నాడు.

అయితే విజిల్ జనానికే ఇచ్చేద్దాం సార్, మనకెందుకు అన్నాను. పెద్దగా నవ్వాడు. నోరు, నోరు, మీ నాన్న మాట్లాడడు, నువ్వెక్కడ నేర్చావే అన్నాడు.

సార్ బంతిని చూస్తాడు. అదీ అసలు జబ్బు. షాట్ లేచిందంటే ఆయన తల కూడా ప్రేక్షకుల్లాగే పైకి లేస్తుంది. కిందికి దిగేసరికి ఒకళ్ళ మీద ఒకళ్ళు ఉంటారు. ముందున్న పిల్ల పడి ఉంటుంది, వెనక పొడుగు పిల్ల ఉంటుంది. ఇక విజిల్. కింద ఏం జరిగిందో ఆయన చూడనే లేదు, ఊహించాడు.

అది మొహం మీద చెప్పలేకపోయాను. వచ్చే మ్యాచ్‌లో షాట్ లేస్తే మీరు బంతి చూడండి సార్, నేను కింద మనుషుల్ని చూస్తాను, ఆ కాల్ నాకు వదిలేయండి అన్నాను. సరే తల్లీ, చూడు, నీకే తెలుస్తుంది అన్నాడు.

నవంబరు 13, బుధవారం

నీకే తెలుస్తుంది. ఆ మాటే చెవిలో మోగుతోంది. ఏం తెలుస్తుంది?

నవంబరు 16, శనివారం. మధ్యాహ్నం

తెలిసింది.

రెండో మ్యాచ్. ఒప్పుకున్నట్టే నేను పైకి చూడటం మానేశాను. చాలా కష్టం అది. వందల మంది తలలు ఒకేసారి పైకెత్తుతుంటే నీ తల ఒక్కటీ కిందికి వంచి ఉంచడం. మెడ మాట వినదు. అయినా చూశాను. బోర్డు కింద వీపులు, నడుములు, మోకాళ్ళు, మోచేతులు. పైన ఎవరూ చూడని ఇంకో ఆట కింద నడుస్తోంది.

కోటేశ్వరి బాక్స్ అవుట్ చేసింది. అంటే ఎదుటి పిల్లకి వీపు పెట్టి, బంతికీ ఆ పిల్లకీ మధ్య గోడలా నిలబడటం. మంచి పని. నేర్పాల్సిన పని. కానీ నిలబడుతూ నిలబడుతూ మోచేయి వెనక్కి వెళ్ళింది. వెనకున్న పిల్ల చేతిని మోచేతి మడతలోకి తీసుకుని బిగించింది. షాట్ లేచింది. వెనక పిల్ల ఎగరబోయింది. చేయి రాలేదు. కోటేశ్వరి వదిలి, ఎగిరి, బంతి పట్టుకుంది. గ్రౌండ్ అంతా చప్పట్లు.

నేను నమ్మలేదు. ఒకసారి పొరపాటున జరిగి ఉంటుందనుకున్నాను. మళ్ళీ షాట్. మళ్ళీ మోచేయి.

ఊదాను.

హోల్డింగ్, అంటే ఎదుటి పిల్లని కదలకుండా పట్టుకోవడం. పిడికిలి ఎత్తాను, మణికట్టు పట్టుకుని స్కోర్ టేబుల్‌కి చూపించాను. కోటేశ్వరి నా వైపు తిరిగి, నేను చేయి పట్టుకోలేదక్కా అంది. అక్కా కాదు, మేడం అను అని సార్ వెనక నుంచి అరిచారు. ఆ పిల్ల నిజంగానే చేత్తో పట్టుకోలేదు. దాని మొహంలో అబద్ధం లేదు. తను ఏం చేసిందో తనకే తెలియదు.

ఇంకో రెండుసార్లు చేసింది. రెండుసార్లూ ఊదాను. సార్ మాట మీద నిలబడలేదు, అరుపులు లేవగానే తన పాత ఓవర్ ద బ్యాక్ రెండు ఊదాడు. ఆ రెండూ ఫౌల్స్ కావు. నావి మూడూ ఫౌల్సే. మొత్తం ఐదు. ఫోర్త్ క్వార్టర్ మొదట్లోనే బయట. ఒక్కదానికీ చేయెత్తలేదు.

పోయినవారం చేయని తప్పుకి పంపాం. ఈరోజు చేసిన తప్పునీ చేయని తప్పునీ కలిపి పంపాం. ఎవరి మీద అరవాలో తెలియట్లేదు.

నవంబరు 16. సాయంత్రం

రాయడం మర్చిపోయింది ఒకటుంది. మ్యాచ్ అయ్యాక ఇంగ్లీష్ మీడియం స్కూల్ కోచ్ ప్రసన్నకుమార్ వచ్చి, గుడ్ విజిల్స్ మేడం, ఇప్పటికైనా ఆ మొరటు ఆటని ఒకళ్ళు పట్టుకున్నారు అన్నాడు. ఫైనల్‌లో కోటేశ్వరి వాళ్ళతో మళ్ళీ ఆడేది ఆయన జట్టే, ఈరోజు ఆ పిల్ల బయట కూర్చున్నా వాళ్ళు గెలిచారు. సార్ నా భుజం తట్టి, ఇప్పుడు తెలిసిందా అన్నాడు.

నా నిజం విజిల్ తీసుకుపోయి వాళ్ళ అబద్ధం విజిళ్ళకి సాక్ష్యం చేసుకున్నారు.

యలమందయ్య గారు జట్టుని ఆటో ఎక్కిస్తూ నా వైపు చూసి, నువ్వు గూడానామ్మా అన్నారు. అంతే.

నవంబరు 17, ఆదివారం

మా ఊరి చివర ట్రాక్టర్ ట్రక్కులో పత్తి నింపుతున్నారు. రేపు పొద్దున్నే మిల్లుకి చేరాలట, అందుకని ఆదివారమైనా పని ఆగలేదు. అమ్మ చర్చి చీర విప్పి పాత చీర కట్టుకుని పోయింది. నేను టీ తీసుకుని వెళ్ళాను.

ట్రక్కు లోపల అమ్మా వెనకింటి అత్తా పత్తి తొక్కుతున్నారు. కిందనుంచి మగవాళ్ళు గంపలతో పోస్తుంటే, వీళ్ళు పైన తొక్కి కుదించాలి. పత్తిలో కాలు ఎక్కడ దిగుతుందో తెలియదు. ఒక్కోసారి తొడ దాకా దిగిపోతుంది. అందుకే ఇద్దరూ వీపుకి వీపు ఆనించి, మోచేతులు వెనక్కి మెలేసి, ఒకళ్ళ చేయి ఒకళ్ళు బిగించి తొక్కుతారు. ఒకళ్ళు దిగితే ఇంకొకళ్ళు ఆపుతారు. ఆపుతున్నామని కూడా అనుకోరు. సినిమా కబుర్లు చెప్పుకుంటున్నారు.

టీ ఫ్లాస్కు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

నేనూ తొక్కాను. ఎనిమిదిలో, తొమ్మిదిలో, దసరా సెలవుల్లో. నా మోచేయికి కూడా ఆ పని వచ్చు. ఇన్నేళ్ళు చూసినా నిన్న గ్రౌండ్‌లో అది నాకు గుర్తు రాలేదు. కోటేశ్వరి పట్టుకోవట్లేదు. నిలబడుతోంది. వీపుకి ఇంకో మనిషి తగిలితే మోచేయి దానంతటదే పోతుంది. అలా నిలబడమనే ఆ పిల్లకి ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పారు.

ఏందే అట్టా గుడ్లప్పగించి చూస్తన్నావు, టీ చల్లారిపోతంది అని అమ్మ అరిచింది.

అయినా ఫౌల్ ఫౌలే. వెనక పిల్ల ఎగరలేకపోయింది. దానికేం సంబంధం ఈ పత్తితో? ఆ పిల్ల చేయి ఆ పిల్లది. ఎంత ఆలోచించినా నా విజిల్ తప్పు కాదు. తప్పు కానందుకే ఇంత కోపం.

నవంబరు 18, సోమవారం

వెళ్ళి కోటేశ్వరికి చెప్పాలనిపిస్తోంది. ఒక్క మాట. చేతులు పైన పెట్టు, మడమల మీద కూర్చున్నట్టు నిలబడు, నీకు పట్టుకోవాల్సిన అవసరం లేదు, నీ కాళ్ళలో ఉన్న బలం చిలకలూరిపేటలో ఏ పిల్లకీ లేదు అని.

చెప్పకూడదు. టోర్నమెంట్ నడుస్తుండగా రెఫరీ ఒక జట్టుకి ఆట నేర్పితే ఆ రెఫరీ పనికిరాదు. నేను కూడా అలాంటివాళ్ళని తిట్టుకున్నాను.

అందుకని కమిటీకి ఫోన్ చేశాను. ఫైనల్‌కి ముందు అన్ని జట్లనీ కూర్చోబెట్టి అరగంట రీబౌండింగ్ కాంటాక్ట్, అంటే రింగు నుంచి వచ్చే బంతి కోసం ఎగిరేటప్పుడు ఒకళ్ళకొకళ్ళు తగలడం గురించి చెబుదాం, ఏది ఫౌలో ఏది కాదో అందరికీ ఒకేసారి చూపిద్దాం అన్నాను. ముఖ్య అతిథి శాలువాలూ స్టేజీ ఉన్నాయి, ఇవన్నీ ఎక్కడ కుదురుతాయమ్మా అన్నారు. పది నిమిషాలైనా అన్నాను. నువ్వు ఊదు తల్లీ, మేం చూసుకుంటాం అన్నారు.

శాలువాలకి టైముంది.

నవంబరు 20, బుధవారం

స్కూల్లో పిల్లలకి బాక్స్ అవుట్ నేర్పుతుంటే నా మోచేయి వెనక్కి పోయింది. ఛీ.

నవంబరు 23, శనివారం. ఉదయం

ఫైనల్. ఒంగోలు హాస్టల్ నుంచి సెలెక్టర్ వస్తున్నారు. సిద్దికా మేడం. ఒకప్పుడు మంచి ప్లేయరట. బూట్లు తుడిచాను. విజిల్ వేడినీళ్ళలో కడిగాను.

సార్‌కి ఫోన్ చేసి మళ్ళీ అదే చెప్పాను. షాట్ లేస్తే కింద మనుషులు నా వంతు. ఊఁ అన్నారు.

నవంబరు 23. సాయంత్రం

మొదటి నుంచీ రాస్తాను. లేకపోతే రాయలేను.

ఫౌల్‌కి ఫ్రీ త్రో ఇచ్చిన ప్రతిసారీ లైన్‌లో నిలబడ్డ రెండు జట్లకీ గట్టిగా, అందరికీ వినపడేలా, చేతులు విడిగా అమ్మా, మోచేతులు మీ దగ్గరే ఉంచుకోండి అని చెప్పాను. అది నేర్పడం కాదు, జాగ్రత్త చెప్పడం. రెఫరీ చెప్పొచ్చు. ఒకసారి చెబుతూ నా మోచేయి వెనక్కి తీసి చూపించి, ఇది కూడా పట్టుకోవడమే అన్నాను. అందరూ బంతి కోసం చూస్తున్నారు. కోటేశ్వరి ఒక్కతే నా మోచేతిని చూసింది. తర్వాత తన మోచేతిని చూసుకుంది.

అర్థమైపోయింది దానికి. ఆ నిమిషం నాకు ఎంత సంతోషమేసిందో.

ఆ తర్వాత ఎంతసేపో ఒక్కసారి కూడా చేయి వెనక్కి పోలేదు. అయినా మూడు ఫౌల్స్ పడ్డాయి. ఒకటి నాది, డిఫెన్స్‌లో చేతి మీద కొట్టింది. రెండు సార్‌వి, పాతవే. మూడో క్వార్టర్ చివర బంతి కొట్టుకుంటూ పోతూ ఎదుటి పిల్లని గుద్దినందుకు ఇంకొకటి. నాలుగు. ఇంకొక్కటి పడితే బయటికి.

చివరి క్వార్టర్, స్కోరు దగ్గర దగ్గరగా ఉంది. షాట్ లేచింది. ముందు శ్రీరమ్య, ప్రసన్నకుమార్ జట్టు కెప్టెన్. వెనక కోటేశ్వరి. నేను మనుషుల్ని చూస్తున్నాను. వాళ్ళిద్దరి మధ్య వెలుతురు కనపడుతోంది. కోటేశ్వరి ఉన్నచోటే నిటారుగా ఎగిరింది, శ్రీరమ్య తల మీదుగా బంతి అందుకుంది, ఉన్నచోటే దిగింది. శ్రీరమ్య తనంతట తను ముందుకి పడింది. గ్రౌండ్ అంతా ఓవర్ అని లేచింది. ప్రసన్నకుమార్ కుర్చీ తన్నుకుని లేచాడు.

సార్ విజిల్.

ఐదో ఫౌల్. కోటేశ్వరి నా వైపు చూసింది. సార్ వైపు కాదు, నా వైపు.

సార్ ఇచ్చిన కాల్ మార్చడానికి నాకు హక్కు లేదు. నేను చూసింది ఆయనకి చెప్పడానికి ఉంది. ఆయన టేబుల్ దగ్గరికి చేరే లోపల నడిచి వెళ్ళాను. పరిగెత్తలేదు, పరిగెత్తితే గొడవలా కనపడుతుంది. ఇక్కడ కాదమ్మాయ్ అన్నాడు పళ్ళ మధ్య నుంచి. ఇక్కడే సార్ అన్నాను. కాంటాక్ట్ లేదు, ఆ పిల్ల తనే పడింది. నువ్వు చూశావా అన్నాడు. మనుషుల్ని చూశాను సార్, మీరు బంతి చూశారు అన్నాను.

అనేశాను. ఇన్నాళ్ళూ టీ కొట్లో అనలేనిది ఇంతమంది ముందు అనేశాను. ఆయన మొహం నల్లబడింది. విజిల్ తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత టేబుల్‌కి తిరిగి, కాల్ రద్దు అని రెండు చేతులూ ఊపాడు.

ఇక చూడాలి. నీళ్ళ ప్యాకెట్లు వచ్చి పడ్డాయి. అక్కా అక్కా అంటంది చూళ్ళేదేంట్రా, చుట్టాలురా వీళ్ళు అని ఒకడు. ప్యాంటేసుకుని ఈల పట్టుకుంటే సరా, ఇంటికి పోయి అన్నం వండుకోవే అని ఇంకొకడు. ప్రసన్నకుమార్ స్టేజీ దగ్గరికి పోయి నా పేరు, మా ఊళ్ళో మాది ఏ పేటో, అన్నీ చెబుతున్నాడు. నా పేట ఏదో ఇక్కడ ఎందుకు? బంతికి తెలుసా నా పేట?

ఆట మొదలైంది. రెండు నిమిషాలు కూడా కాలేదు. షాట్ లేచింది. కోటేశ్వరి ఈసారి ముందుంది. వెనక శ్రీరమ్య వచ్చి వీపుకి గట్టిగా తగిలింది.

మోచేయి వెనక్కి పోయింది.

సార్ పైకి చూస్తున్నాడు. ప్రసన్నకుమార్ పైకి చూస్తున్నాడు. స్టేజీ మీద సిద్దికా మేడం, శాలువాలు కప్పుకున్నవాళ్ళు, నన్ను తిట్టినవాళ్ళు, అందరూ పైకే. ఆ మోచేతిని చూసింది లోకంలో నేనొక్కదాన్నే. ఊరుకుంటే ఎవరికీ తెలియదు.

ఊదాను.

ఎందుకు ఊదానో ఎవరికీ అర్థం కాలేదు. మణికట్టు పట్టుకుని చూపించాను. కోటేశ్వరి నంబర్ చూపించాను. ఐదు వేళ్ళు చూపించాను.

కోటేశ్వరి చేయెత్తింది.

టోర్నమెంట్ మొత్తంలో మొదటిసారి. తల దించలేదు. చేయి నిటారుగా పైకెత్తి, అందరూ చూసేదాకా ఉంచి, దింపి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

వాళ్ళ జట్టు ఓడిపోయింది. హాస్టల్‌కి ఎంపికైన పేర్లు స్టేజీ మీద చదివారు. శ్రీరమ్య ఉంది. కోటేశ్వరి లేదు.

నేను స్టేజీ ఎక్కి సిద్దికా మేడంని పట్టుకున్నాను. ఆ పిల్లకి పడ్డ వాటిలో సగం ఫౌల్స్ కావండీ అన్నాను. ఏమ్మా, చివరిది నువ్వే ఊదావుగా అన్నారు. అది ఫౌల్ అండీ అన్నాను. ఆమె నన్ను వింతగా చూశారు. మూడు మ్యాచ్‌లలో మూడుసార్లూ బయటికి పోయినట్టు స్కోర్ షీట్లలో ఉంది, అలాంటి పిల్లని నేనేం చేసుకోను చెప్పు, గ్రౌండ్‌లో ఉంటేనే కదా ఆట అన్నారు. వెళ్ళబోతూ ఆగి, డిసెంబరు ఎనిమిదిన ఒంగోలులో ఓపెన్ ట్రయల్ ఉంది, మిగిలిన సీట్లకి, ఎవరైనా రావచ్చు, ఆ పిల్లకి చెప్పు అన్నారు.

నవంబరు 24, ఆదివారం

సార్ ఫోన్ చేశాడు. ఎత్తకూడదనుకుని ఎత్తాను.

అందరి ముందూ నా పరువు తీశావు అన్నాడు. క్షమించండి సార్ అనలేదు. ఆయనే మళ్ళీ, నువ్వు ఆ చివరి విజిల్ ఊదావు కాబట్టి బతికిపోయావు, లేకపోతే కమిటీవాళ్ళు ఈపాటికి నిన్ను తీసేసేవాళ్ళు, అది చూశాకే నీ మొదటి మాట కూడా నిజమేనని నమ్మారు అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకుంటున్నాడు పాపం.

ఫోన్ పెట్టేసి మంచం కోడుని తన్నాను. వేలు వాచింది.

అంటే నా మాట నిజమని రుజువు కావడానికి ఆ పిల్ల సీటు పోవాలి. శ్రీరమ్య కావాలని పడితే ఎవరికీ రుజువు అక్కర్లేదు. ప్రసన్నకుమార్ కుర్చీ తన్నితే రుజువు అక్కర్లేదు. మేం మాత్రం మా వాళ్ళని మేమే పట్టిస్తే తప్ప నమ్మకస్తులం కాము.

అయినా మళ్ళీ అదే షాట్ లేస్తే మళ్ళీ ఊదుతాను. దానికి కూడా కోపంగానే ఉంది.

డిసెంబరు 1, ఆదివారం

టోర్నమెంట్ అయిపోయింది. ఇప్పుడు నేను ఎవరి రెఫరీనీ కాదు. వినుకొండ బస్సెక్కి, అక్కడ్నుంచి ఆటోలో కోటేశ్వరి వాళ్ళ ఊరు వెళ్ళాను.

అనుకున్నట్టే ట్రక్కులో ఉంది. వాళ్ళమ్మా తనూ వీపుకి వీపు పెట్టి పత్తి తొక్కుతున్నారు. నన్ను చూసి తల తిప్పుకుంది. వాళ్ళమ్మ మాత్రం తిప్పుకోలేదు. నువ్వేనా ఆ ఈల పిల్లవి, నా బిడ్డ సీటు ఊదేసి ఇంకేం ఊదటానికి వచ్చావమ్మా అని నడుం మీద చేతులేసుకుని అడిగింది. కింద గంపలు మోసేవాళ్ళు ఆగి మరీ విన్నారు. పడ్డాను. అడగాల్సినవాళ్ళే అడిగారు. ఎనిమిదిన ఒంగోలులో ట్రయల్ ఉందని ఇద్దరికీ చెప్పాను.

చెప్పులు విప్పి ట్రక్కు ఎక్కాను. చుడీదార్ అంతా పత్తి. కోటేశ్వరి వీపుకి నా వీపు ఆనించాను. దాని మోచేయి వచ్చి నా చేతిని బిగించింది. నా మోచేయి కూడా అప్పటికే బిగించేసింది. ఇద్దరికీ తెలిసింది. ఇద్దరం ఒకేసారి వదిలాం. అది కిసుక్కున నవ్వింది.

ఇప్పుడు చేతులు పైన పెట్టి తొక్కు అన్నాను. పడిపోతానక్కా అంది. పడు అన్నాను. పడింది. నేనూ పడ్డాను. వాళ్ళమ్మ, ఇదేం చోద్యమమ్మా, పత్తి పాడైపోతంది అని మొత్తుకుంది. మళ్ళీ లేచాం. పడకుండా ఉండాలంటే మడమలు దింపాలి, నడుం వంచాలి, మోకాళ్ళు విప్పాలి. పత్తిలో అలా నిలబడగలిగితే సిమెంటు మీద ఎవరూ కదపలేరు. చీకటి పడే లోపల చేతులెత్తి ట్రక్కు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. గంపలవాళ్ళు, ఏమే కోటీ, పోలీసులొచ్చారా ఏంది, చేతులెత్తావు అని ఒకటే నవ్వు.

ఆటో ఎక్కేటప్పుడు అడిగింది. అక్కా, ఆ రోజు ఎవరూ చూళ్ళేదుగా, ఎందుకు ఊదావు?

నువ్వెందుకు చేయెత్తావు అన్నాను.

ఆటో కదిలింది. వెనక్కి చూస్తే చేయెత్తి ఊపుతోంది.

డిసెంబరు 5, గురువారం

ఒంగోలు ట్రయల్‌కి రెఫరీగా రమ్మని సిద్దికా మేడం ఫోన్. ఆ పిల్లకి నేను నేర్పానండీ, నన్ను పెట్టకండి అన్నాను. తెలుసు, యలమందయ్య గారు చెప్పారు అన్నారు. తెలిసిన పిల్ల మీద ఎవరూ చూడని ఫౌల్ ఊదినదానివి, నీకంటే ఎవర్ని తేను, రా అన్నారు. రెండో రెఫరీ ఎవరండీ అన్నాను.

సంజీవరావు సార్.

డిసెంబరు 8, ఆదివారం. ఒంగోలు

కోటేశ్వరికి సీటు వచ్చింది. సార్ ఈరోజు కూడా బంతే చూశారు.

చివరి షాట్ లేచింది. అందరి తలలూ పైకి లేచాయి. కోటేశ్వరి వీపుకి వెనక నుంచి ఒక పిల్ల దబ్బున తగిలింది. మడమలు దిగాయి, అంగుళం కూడా కదల్లేదు. రెండు చేతులూ గాల్లో ఉన్నాయి, మోచేయి వెనక్కి పోలేదు.

బంతి ఎవరికి దొరికిందో నేను చూడలేదు. విజిల్ నోట్లోనే ఉంది. గట్టిగా కొరికి పట్టుకున్నాను.

ఊదలేదు.